స్టేజీకి వీపు పెట్టిన కుర్చీ

మొన్న రాజమండ్రిలో కొత్త నాటకాల ఉత్సవానికి వెళ్ళాను. రెండో నాటకం నడుస్తుండగా వెనక వరసలో ఎవరో దగ్గారు. పొడి దగ్గు. ఆ వెంటనే ఇంకొకరు. నాటకం అక్కడ సాగడం లేదని అర్థమైంది. ఆ దగ్గును వినడం నాకు నేర్పింది పేర్రాజు గారు. ఉత్సవాన్ని మొదలుపెట్టి, కార్యదర్శిగా ఏళ్ళ తరబడి నడిపిన ఆయన కిందటేడు పోయారు. ఆ సాయంత్రమే వ్యాఖ్యాత ఆయన్ని తలుచుకుంటూ, "ఇన్ని నాటకాలు ఆడించి ఒక్కటీ చూడని మహానుభావుడు" అన్నాడు. హాలంతా ఆప్యాయంగానే నవ్వింది. ఆ మాట మొదట అన్నది నేను. అది నిజం కాదు.

పేర్రాజు గారికి మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు ఉండేది. గోదావరికి అటూ ఇటూ ఉన్న రచయితల కొత్త నాటకాలను ముందు నలుగురి ఎదుట చదివించి, మార్పించి, మళ్ళీ చదివించి, ఆ తరవాతే ఉత్సవంలో ఆడించేవారు. చదువుతున్నా, ఆడుతున్నా ఆయన కుర్చీ మాత్రం స్టేజీకి వీపు పెట్టి ఉండేది. జనం వైపు చూస్తూ కూర్చునేవారు.

అప్పట్లో నేను కొవ్వూరులో లెక్చరర్ని. చేనును నర్సరీకి ఇచ్చేసిన ఒక కడియం రైతు మీద నాటకం రాశాను. చివర్లో రైతు మూడు పేజీలు మాట్లాడతాడు. నాటకానికి అదే ప్రాణమని నా నమ్మకం. చదవడం అయ్యాక పేర్రాజు గారు నన్ను పక్కకు పిలిచారు.

"రైతు మాటల దగ్గర వెనకవాళ్ళు దగ్గారండి మాస్టారూ."

"జలుబు చేసుంటుందండి."

"అందరికీ ఒక్కసారే చేసిందాండీ?"

నాకు కోపం వచ్చింది. "అసలు మీరు నాటకం చూశారా?" అన్నాను.

"చీర విప్పి చూపించేటప్పుడు మేం చీరని చూడమండి. కొనే ఆవిడ మొహం చూస్తాం. చీర సంగతి అక్కడే తెలిసిపోద్ది."

"అయితే ఏం రాయమంటారు?"

"అది నాకేం తెలుసండి? రాసేది మీరు."

ఉక్రోషంతోనే ఆ మూడు పేజీలూ కొట్టేశాను. వాటి బదులు, మొక్కలు లారీకి ఎక్కుతుంటే రైతు తన గట్టు ఎక్కడుండేదో ఒక కూలీకి చేత్తో చూపిస్తాడు. అంతే. మళ్ళీ చదివినప్పుడు ఎవరూ దగ్గలేదు.

ఉత్సవంలో నాకు శాలువా కప్పారు. ఆ చివరి సన్నివేశం ఎలా తట్టిందో చెప్పమని ఎవరో అడిగారు. నిజం చెబితే పేర్రాజు గారి పేరు చెప్పాలి. చెప్పబుద్ధి కాలేదు. మాట తప్పించడానికి, "స్టేజీకి వీపు చూపించే కార్యదర్శి మాకొక్కళ్ళకే ఉన్నారు. ఒక్క నాటకమూ చూడని మనిషి" అన్నాను. జనం పడీపడీ నవ్వారు. మొదటి వరస ముందు, జనానికి ఎదురుగా ఉన్న తన కుర్చీలో ఆయన కూడా నవ్వారు. అప్పటి నుంచి ఊళ్ళో ఆయన నాటకం తెలియని షావుకారు అయిపోయారు.

మరుసటి ఏడాది వెళ్ళేసరికి ఆయన కుర్చీ అందరి కుర్చీల్లాగే స్టేజీ వైపు ఉంది.

"ఏంటండీ, ఇటు తిరిగారు?" అన్నాను.

"ఒకసారి నాటకం కూడా చూద్దామనండి."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఆ ఏడాది ఏ రచయితకూ తన నాటకం ఎక్కడ కుంటుపడిందో చెప్పేవారు లేకపోయారు. నేను లేచి ఆ కుర్చీని మళ్ళీ జనం వైపు తిప్పి, ఎందుకు తిప్పానో నలుగురికీ చెప్పి ఉండాల్సింది. తరవాత చెబుదామనుకున్నాను. ఆయన ఉండగా ఆ తరవాత రాలేదు.

మొన్న ఆ దగ్గు వినగానే నేను కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చున్నాను. పక్కనే ఆ నాటకం రాసిన అమ్మాయి ఉంది. కాసేపు ఓర్చుకుని నా చెవి దగ్గర మెల్లగా అంది: "సార్, స్టేజీ అటుందండి."

"తెలుసమ్మా" అన్నాను. తెర పడేదాకా అటు తిరగలేదు.