సారు చెయ్యి బాగయ్యే దాకా

మొన్న గ్రంథాలయంలో పేపర్ల బల్ల దగ్గర ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకుంటున్నారు. ఏదో బడిలో కొట్లాడిన పిల్లవాణ్ణి పోలీసులకు అప్పగించారట. "జైల్ల ఏస్తెనే బుద్ధొస్తది" అని తేల్చేశారు. బడిలో ఏడో తరగతి దాటనివాణ్ణి, మిగతా చదువంతా ఆ బల్ల దగ్గరే చదువుకున్నవాణ్ణి. ఒకప్పుడు నేనూ అలాంటి పిల్లవాణ్ణే. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

డెబ్బైల చివర మట్టెవాడలో మా బడి. లెక్కల సారు చింతబరికెతో కొట్టేవాడు. అది విరిగితే కొత్తది మేమే కోసుకొచ్చేవాళ్ళం. ఆ రోజు నా పక్కవాడి చెవిలోంచి రక్తం కారుతున్నా ఆపలేదు. కిటికీకి అడ్డం పెట్టే కర్ర నా చేతికందింది. సారు కుడి మణికట్టు మీద వేశాను. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది.

ఠాణాలో నన్ను కూర్చోబెట్టి కాళ్ళు చాపించారు. అరికాళ్ళ మీద లాఠీ దెబ్బలు మొదట లెక్కపెట్టాను. తర్వాత లెక్క తప్పింది.

"హైద్రాబాద్ల పిల్లల జైలున్నది. రేపే తోలిస్త బిడ్డా" అన్నాడు జమేదారు.

దానికి సారు ఫిర్యాదు కావాలి. హెడ్మాస్టరు కాగితం రాయించి దవాఖానకు తీసుకెళ్ళాడు. సారు చేతికి పెద్ద కట్టు. సంతకం రాకపోతే వేలిముద్ర పెట్టమన్నారట. సారు మండిపడ్డాడట. "సదువు చెప్పెటోన్ని. నేను వేలిముద్ర పెట్టాల్నా? చెయ్యి బాగైనంక సంతకమే పెడ్త." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున మా వాడకట్టు వాళ్ళు సారు ఇంటి ముందు కూర్చున్నారు. జంపఖానాలు నేసే మా పెదనాయన మాట్లాడాడు.

"పోరన్ని జైలుకు తోలితె నీ చెయ్యి అతుకుతదా సారూ? చెయ్యి ఇరగ్గొట్టినోడే నీ పని జెయ్యాలె. బోర్డు మీద వాడే రాస్తడు, ఇంట్ల నీళ్ళు వాడే తోడుతడు. తప్పిండంటె నేనే తెచ్చి అప్పజెప్త."

"గని మీరు బరికె ముట్టద్దు సారూ" అంది అమ్మ.

"చూస్త. కాగితం నా తాననే ఉంటది" అన్నాడు సారు. పెదనాయన పూచీ మీద ఠాణా వాళ్ళు నన్ను వదిలారు.

వారం గడిచింది. ఒక చిన్నవాడు ఏడో ఎక్కం తప్పాడు. సారు బరికె నాకందించాడు. "నాకు చెయ్యి లేదు. నీకున్నది గద, ఎయ్యి." ఎడమచేత్తో జేబు తట్టాడు.

వేశాను. చిన్నవాడి అరచెయ్యి చిట్లింది. లాగు తడిసింది.

"ఇంకోటి."

బరికె బల్ల మీద పెట్టాను. "రాయమంటె రాస్త సార్. కొట్ట. సంతకం పెడితె పెట్టుకోండ్రి."

ఎడమచేత్తో చెంప మీద కొట్టాడు. ముక్కు నుంచి రక్తం బోర్డు మీది లెక్కలో పడింది. దాన్ని తుడిచి, లెక్క పూర్తి చేశాను. ఆ సాయంత్రం సంగతి తెలిసి పెదనాయన వచ్చి, బరికె పట్టుకుపోయాడు. సారు అడ్డం రాలేదు. మళ్ళీ ఆ గదిలో బరికె కనపడలేదు.

కట్టు విప్పిన రోజు సారు కలం అడిగాడు. జేబులోంచి కాగితం తీశాడు. నా అరికాళ్ళు మళ్ళీ మండాయి. ఆయన దాన్ని వెనక్కి తిప్పి, వంకర అక్షరాలతో రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు. గ్రంథాలయంలో నాకు పుస్తకాలివ్వొచ్చని, అవి పోతే తానే జిమ్మేదారని.

"పో. చీకటి పడేదాక గాడనే కూసో" అన్నాడు.

ఆ ఏడాదే బడి మానేశాను. గ్రంథాలయం మానలేదు. చెవి పగిలినవాడికి మాత్రం ఆ చెవి మళ్ళీ వినపడలేదు.

పేర్లు రాయను. అమ్మకు, పెదనాయనకు, ఆ పొద్దున పని మానుకుని వచ్చిన వాడకట్టు వాళ్ళందరికీ దండాలు. సారుకు కూడా, ఆ రెండు వాక్యాలకు. ఏడో ఎక్కం తప్పిన చిన్నవాడికి ఏం చెప్పాలో నాకింకా తెలియదు. దెబ్బ వేసింది నా చెయ్యే.