ఏ పెనమూ సొంతింటికి చేరదు

పెనాల తాత ఏ ఇంటి నుంచి పెనం తీసుకెళ్తే ఆ ఇంటికి మాత్రం దాన్ని తిరిగి ఇవ్వడు. పెనం వస్తుంది. చెప్పిన రోజుకే వస్తుంది. తుప్పంతా వదిలి, నల్లగా నిగనిగలాడుతూ, గుడ్డసంచిలో పెట్టి తలుపు గొళ్ళేనికి తగిలించి ఉంటుంది. కాకపోతే అది మీది కాదు.

ఆయన నలభై ఏళ్ళు పోత కర్మాగారంలో పనిచేశాడు. ఇసుక అచ్చుల్లో కరిగిన ఇనుము పోయించడం ఆయన పని. ఉద్యోగం నుంచి దిగిపోయాక చేతులు ఊరుకోలేదు. ఆ నాలుగంతస్తుల భవనంలో ఉన్న పోత ఇనుము పెనాలన్నిటి బాగోగులూ తన నెత్తిన వేసుకున్నాడు. వేసుకోమని ఎవరూ అడగలేదు. ఎవరింట్లో పెనం మాడినా పై అంతస్తులో ఆయన ముక్కుకు తెలిసిపోయేది. మెట్ల మీద పొగ ఇంకా ఒకటో అంతస్తు దాటకముందే ఆయన మూడు అంతస్తులు దిగి వచ్చేవాడు.

పాపాయి తల్లి ఇంటికీ అలాగే వచ్చాడు. అప్పటికి ఆమె ఆ ఇంట్లో దిగి నాలుగు నెలలు, పాప పుట్టి అయిదు నెలలు. భర్త ఉద్యోగం నడిసముద్రంలో, చమురు తోడే ఇనుప వేదిక మీద. ఇరవై ఎనిమిది రోజులు అక్కడ, పద్నాలుగు రోజులు ఇక్కడ. అక్కడున్నన్నాళ్ళూ ఫోను దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. భవనంలో ఆమెకు ఒక్కరి ముఖమూ తెలియదు. పగలంతా పాపతో మాట్లాడేది. పాప వినేది గానీ బదులు చెప్పేది కాదు. పాప నిద్రపోతే పక్కన కూర్చుని, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకునేది. ముప్ఫై నాలుగు, ముప్ఫై ఆరు, ముప్ఫై అయిదు. వాటికి ఒక గ్రాఫు కూడా గీసింది. ఆ గీత ఏ రోజైనా ఉన్నట్టుండి పైకి లేస్తే ఎవరి తలుపు కొట్టాలో మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

ఆ రోజు ఆమె కిటికీలన్నీ మూసి, గుడ్డు వేయించుకుందామని పెనం మీద నూనె పోసింది. నిమిషంలో వంటిల్లు కనబడకుండా పోయింది. తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఎవరో ముసలాయన.

"ఏ నూనె?" అన్నాడు.

"పొద్దుతిరుగుడు... మీరెవరండీ?"

"పై అంతస్తు. నూనెది తప్పు కాదు. పెనం ఏడుస్తోంది. లోపలికి రావచ్చా?"

జవాబు వచ్చేలోపే వంటింటి కిటికీ తీశాడు. తర్వాత ముందుగది కిటికీ తీశాడు.

"పాపకు గాలి తగుల్తుందండీ," అందామె.

"గాలి తగిలితే తుమ్ముతుంది. పొగ తగిలితే దగ్గుతుంది. నీకేది కావాలో చెప్పు, దాన్నిబట్టి మూద్దాం." రెండు కిటికీల మధ్య నిలబడి, చేత్తో దారి చూపించాడు. "ఒక్కటే తీస్తే పొగ నీతో కాపురం చేస్తుంది. ఎదురెదురుగా రెండూ తియ్యాలి."

పొగ నిజంగానే లేచి వెళ్ళిపోయింది. ఆయన జేబులోంచి గుడ్డపీలిక తీసి, పొయ్యి కట్టేసి, పెనాన్ని వెలుగులోకి పట్టుకున్నాడు. ఒకే పిడి ఉన్న బరువైన పాత పెనం. ఆమె అమ్మమ్మది.

"దీన్ని నీళ్ళలో నానబెట్టావా తల్లీ?"

"అవునండీ. రాత్రంతా."

"ఎన్ని రాత్రులు?"

"రోజూ."

ఆయన గోడకు చెయ్యి ఆనించుకుని నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డాడు. దగ్గరివాళ్ళెవరికో ఒంట్లో బాగోలేదని విన్నట్టుగా పెనాన్ని ఒళ్ళో పెట్టుకుని నిమిరాడు.

"ఏం చదువుకున్నావమ్మా?"

"రసాయన శాస్త్రం."

"ఇనుము, నీళ్ళు, గాలి, ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో అందులో చెప్పరా?"

"చెప్తారండీ. పరీక్షలో రాశాను కూడా. వంటింట్లో కూడా అంతేనని తట్టలేదు."

తుప్పు గీకి, కడిగి, చిన్న మంట మీద తడి ఆరనిచ్చి, అవిసె నూనె రాయాలని చెప్పాడాయన. రాసిన నూనెను రాయలేదేమో అన్నంతగా తుడిచెయ్యాలట. అప్పుడు పొగ వచ్చేదాకా కాల్చాలట. అలా అయిదారుసార్లు. వేడికి నూనె గొలుసులు గొలుసులుగా ముడిపడి గట్టి పొరవుతుందని ఆమె వివరించబోయింది. "గొలుసో, గాజో, నువ్వు మాత్రం నూనె ఎక్కువ పొయ్యకు. ఎక్కువైతే జిగటవుతుంది, జిగటైతే పొగవుతుంది," అని పెనం చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. గురువారానికి వస్తుందన్నాడు.

గురువారం గొళ్ళేనికి సంచి తగిలించి ఉంది. విప్పి చూస్తే రెండు చెవుల పెనం. మెట్ల మీద ఎదురుపడితే అడిగింది.

"తాతగారూ, ఇది మాది కాదండీ."

"కాదా? అయితే నీది రెండో అంతస్తు నర్సమ్మకు పోయుంటుంది. వయసైపోయిందమ్మా, బుర్ర పనిచెయ్యదు. వెళ్ళి మార్చుకో."

"మీరే కాస్త..."

"మోకాళ్ళు," అన్నాడాయన. అని, మూడు అంతస్తుల మెట్లూ గబగబా ఎక్కేశాడు.

పాపను చంకనేసుకుని, పెనం పట్టుకుని, నర్సమ్మ తలుపు ముందు ఆమె మూడు నిమిషాలు నిలబడింది. చెప్పాల్సిన వాక్యాన్ని మనసులో నాలుగుసార్లు అనుకుంది. చివరికి తలుపు తెరుచుకున్నాక ఆమె నోటి నుంచి వచ్చింది "పెనం" అన్న ఒక్క మాటే.

"మళ్ళీనా," అంది నర్సమ్మ. "రండి, మీది లోపలుంది. ఈ ఆర్నెల్లలో నాలుగుసార్లు ఇచ్చాను, ఒక్కసారీ నా పెనం నా చేతికి రాలేదు. కూర్చోండి, టీ పెడతా. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక గోడతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడలేదు నేను. ఈ పిల్లెంత బరువుందేంటి, ఇలా ఇవ్వండి."

టీ తాగుతూ నోటుపుస్తకం సంగతి చెప్పింది ఆమె. నర్సమ్మ కప్పు కింద పెట్టేసింది. "నిమిషానికి ఇన్ని అని రోజుకు పన్నెండుసార్లా? మా వార్డులో కూడా ఇంత రాయమమ్మా."

తర్వాతి నెల నూనె ఎక్కువై పెనం జిగటైంది, తాత మళ్ళీ పట్టుకెళ్ళాడు. ఈసారి అది కింద అంతస్తులో దర్జీ ఇంట్లో తేలింది. దర్జీ ఒంటరి మనిషి. కుట్టుమిషను చప్పుడు ఆగితే చెవులు గింగురుమంటాయని దాన్ని ఆపడానికే ఇష్టపడడు. పెనం అందిస్తూనే మెడలోని టేపు తీసి పాపను కొలిచేశాడు.

"అడగలేదండీ నేను," అందామె.

"పాప అడిగింది," అన్నాడు దర్జీ. "ఆ ముసలాయన్ని మాత్రం డాక్టరుకు చూపించాలి. నా పెనం ఈ ఏడు లెక్కల మాస్టారింటికి నాలుగుసార్లు పోయింది. ఆయనతో చదరంగం మొదలైందంటే సాయంత్రమంతా గోవిందా. అంతా ఆ పెనం మూలంగానే."

మూడోసారి ఆమె పెనం ఆ లెక్కల మాస్టారింటికే వెళ్ళింది. ఆయన ఆదివారం పూట తలుపు తీసి, వెలుగు చూసి కళ్ళు చిట్లించుకున్నాడు. పెనం మార్చుకోవడానికి ఒక నిమిషం పట్టింది. పాప ఆయన కళ్ళజోడు లాక్కోవడానికి, ఆయన తిరిగి తీసుకోవడానికి గంట పట్టింది.

పాపకు ఏడు నెలలు నిండాయి. ఒక వానమధ్యాహ్నం పాప నిద్రలోంచి లేచి దగ్గింది. మామూలు దగ్గు కాదు. కుక్కపిల్ల మొరిగినట్టుంది. ఊపిరి లోపలికి తీస్తుంటే గొంతులో ఈల వినిపిస్తోంది. ఆమె నోటుపుస్తకం తీసింది. రెండుసార్లు లెక్క తప్పింది. భర్తకు ఫోను చేసింది. దొరకలేదు. పొయ్యి మీద పెనం ఉందన్న సంగతి మరిచిపోయి, పాపను ఎత్తుకుని రెండో అంతస్తుకు, నర్సమ్మ ఇంటికి పరుగెత్తింది. ఈసారి మూడు నిమిషాలు నిలబడలేదు. అరచేత్తో తలుపు బాదింది.

రాత్రి డ్యూటీ చేసి పడుకున్న నర్సమ్మ జుట్టు విరబోసుకునే వచ్చింది. పాప ఛాతీ దగ్గర చెవి పెట్టి విన్నది.

"గొంతు వాచింది. భయపడకు, నువ్వు భయపడితే పాప ఏడుస్తుంది, ఏడిస్తే ఊపిరి ఇంకా కష్టమవుతుంది. నిటారుగా ఎత్తుకో. మాస్టారూ," అని మెట్ల మీదకు కేకేసింది, "కారు తియ్యండి."

లెక్కల మాస్టారు ఇంటి చెప్పులతోనే కారెక్కాడు. దర్జీ నోట్లో సూదులతో బయటికొచ్చి, వానలో నిలబడి దారి మధ్యలో ఉన్న సైకిళ్ళన్నీ పక్కకు లాగేశాడు. ఆసుపత్రిలో మందు పీల్పించాక గంటలో ఈల తగ్గింది. సాయంత్రానికి పాప మాస్టారి కళ్ళజోడు మళ్ళీ లాక్కుంది. అప్పుడు ఆమె గోడకు ఆనుకుని మొదటిసారి నిండుగా ఊపిరి తీసుకుంది.

ఇంటికి వచ్చేసరికి ఎదురెదురు కిటికీలు రెండూ తీసి ఉన్నాయి. పొయ్యి కట్టేసి ఉంది. మాడిపోయి ఉండాల్సిన పెనం శుభ్రంగా తుడిచి, నూనె పూసి, గట్టు మీద ఉంది. ఆమె పెనమే. ఇల్లు దాటలేదు కాబట్టి తప్పించుకుంది.

పాప నిద్రపోయింది. ఊపిరి లెక్కపెట్టబోయి, ఆమె మరొకటి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తన పెనం మూడుసార్లు. నర్సమ్మది నాలుగు. దర్జీది అయిదు. పన్నెండుసార్లు పెనాలు తిరిగొచ్చాయి, ఒక్కసారి కూడా సొంతింటికి రాలేదు. మతిమరుపు మనిషి అప్పుడప్పుడైనా పొరపాటున సరిగ్గా చేస్తాడు. పన్నెండింట పన్నెండు తప్పు చెయ్యాలంటే ఏది ఎవరిదో బాగా గుర్తుండాలి.

మర్నాడు పొద్దున్నే పై అంతస్తు ఎక్కింది. తలుపు తీసే ఉంది. అలమరలో పెనాలు వరసగా బోర్లించి ఉన్నాయి. ప్రతిదాని అడుగునా సుద్దతో ఇంటి నంబరు, అరచేతంత పెద్ద అంకెల్లో. గోడ మీద ఒక కాగితం. "దర్జీ: దగ్గు తగ్గడం లేదు. నర్సమ్మకు పంపాలి." "మాస్టారు: ఆదివారాలు బయటికి రావడం లేదు. దర్జీకి." "మొదటి అంతస్తు అమ్మాయి: ముందు నర్సమ్మ, మిగతావాళ్ళు తర్వాత."

"తాతగారూ," అందామె, "మీకు మతిమరుపు లేదు."

పట్టుబడ్డ దొంగలా చూశాడాయన. "పోతపనిలో ఒక అచ్చు బదులు ఇంకో అచ్చులో ఇనుము పోస్తే ఇంటికి కాళ్ళతో వచ్చేవాళ్ళం కాదమ్మా. మతిమరుపుంటే నన్ను నలభై ఏళ్ళు ఉంచుకుంటారా?"

"మరెందుకండీ ఇదంతా?"

ఆయన గుడ్డపీలిక మడత పెట్టాడు, విప్పాడు. "పని మానేసి ఇక్కడికొచ్చిన కొత్తలో ఎనిమిది రోజులు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఫ్యాక్టరీ హోరులోంచి వచ్చిపడ్డా కదా, ఆ నిశ్శబ్దం ఏం చేసుకోవాలో తెలియలేదు. తొమ్మిదో రోజు పెనం మాడింది. పొగకి దర్జీ పైకొచ్చి అరగంట తిట్టాడు." గుడ్డపీలిక మళ్ళీ మడత పెట్టాడు. "ఎంత హాయిగా ఉందనుకున్నావు. మర్నాడు ఇంకోసారి మాడ్చా. రాలేదు వాడు. అలవాటు పడిపోయాడు."

ఆమె కాగితం మళ్ళీ చదివింది. అందరి ఇళ్ళూ ఉన్నాయి అందులో. ఆయన ఇల్లు లేదు. పెనాలు పంపేది ఆయనే కాబట్టి ఏ పెనమూ పొరపాటున ఆయన గుమ్మానికి రాదు. తీసుకోవడానికీ ఆయనే కిందికి దిగుతాడు, తగిలించడానికీ ఆయనే దిగుతాడు. గదిలో ఒకే ఒక్క కుర్చీ ఉంది.

ఆమె కిందికి వచ్చేసింది. వచ్చి, రసాయన శాస్త్రం చదివినవాళ్ళెవరూ చెయ్యకూడని పని చేసింది. మెరుస్తున్న అమ్మమ్మ పెనాన్ని తొట్టెలో పెట్టి, గుప్పెడు ఉప్పు వేసి, నిండా నీళ్ళు పోసింది.

రెండు రోజుల తర్వాత పాపను ఒక చంకన, పెనాన్ని ఇంకో చంకన పెట్టుకుని మూడు అంతస్తులూ ఎక్కింది. పెనం ఎర్రమట్టి రంగులో ఉంది. పెనాల తాత దాన్ని వెలుగులోకి పట్టుకుని, గోటితో గీకి, వాసన చూశాడు.

"ఉప్పు నీళ్ళా?"

"కొంచెం."

"ఎన్ని గంటలు?"

"ముప్ఫై ఆరు."

"రెండు చెంచాల వెనిగర్ పోసుంటే సగం టైములో అయిపోయేది. రసాయన శాస్త్రమట." పెనాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుని ఇంకా పరీక్షగా చూశాడు. అడ్డం తీసేదాకా చాలాసేపు పట్టింది.

"బాగవడానికి ఎన్నాళ్ళు పడుతుంది తాతగారూ?"

"బాగా పాడైంది. రోజూ ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూసుకోవాలి."

కుర్చీ ఆమెకు జరిపి, ఆయన బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. పాపకు ఆడుకోవడానికి ఒక చెక్కగరిటె ఇచ్చి, దొడ్డుప్పు చల్లి పెనం తోమడం మొదలుపెట్టాడు. తోముతూ తోముతూ, తల ఎత్తకుండా అన్నాడు.

"రేపు దర్జీని కూడా రమ్మను. వాడి పెనం బాగానే ఉంది. దాన్ని ఏదో ఒకటి చెయ్యమను."