జర్మనీ చుట్టాలకు మేం చేసిన మర్యాద

కొత్త రాష్ట్రం వచ్చి, ఇంటింటికీ నల్లా మాత్రం ఇంకా రాని రోజులవి. మా మర్రిగూడ వైపు అప్పట్లో పాలకన్నా నీళ్లనే భద్రంగా దాచేవాళ్లం. నవ్వేవాళ్లు నవ్వండి, బోరు నీళ్లు తాగితే ఎముకలు వంగే నేల మాది. అందుకని మా కోడలు వాడకట్టు ఆడవాళ్లను కూడగట్టి ఒక సంఘం పెట్టింది. ఇంటి కప్పు మీద పడిన వాన నీళ్లను సిమెంటు సంపులోకి పట్టి ఏడాదంతా తాగడం దాని పని. చందాలతో కట్టగలిగింది ఒక్క సంపే, అదీ మా ఇంట్లో. తాళంచెవి నా కొంగుకు ఉండేది (ఇంట్లో అంతకన్నా విలువైంది లేదు కాబట్టి ఇంకో తాళం అవసరం రాలేదు). రెండో తరగతి దాటని నాకు సంఘంలో దొరికిన ఉద్యోగం అదే.

మిగతా ఇళ్లకూ సంపులు కావాలని కోడలు ఫోను పట్టుకొని దేశదేశాల సంస్థలకు రాస్తూ ఉండేది. పొయ్యి మీద పప్పు మాడుతున్నా రాసేది. చాలామంది పలకలేదు. చివరికి జర్మనీలో ఒక చిన్న సంఘం వాళ్లు, వచ్చి చూస్తాం, అవసరమనిపిస్తే కలిసి పనిచేద్దాం అన్నారు. వచ్చి చూస్తామంటే మా ఆడవాళ్లకు తెలిసింది ఒకటే, పెళ్లిచూపులు. ఇక చూడండి. గోడలకు సున్నం పడింది. సర్పంచు ఇంటి సోఫా ట్రాలీ ఆటోలో వచ్చింది. పెట్టెల అడుగునున్న పట్టుచీరలు బయటికొచ్చాయి, పగిలిన బిందెలు గడ్డివాము వెనక్కి పోయాయి. కాళ్లు వంకర తిరిగిన మా పక్కింటి వదినెను, వచ్చినవాళ్ల ముందు బాగుండదని, మా వంటింట్లో కూర్చోబెట్టి తలుపు దగ్గరికేశాం. ఇదంతా దండగ ఖర్చని నేను గొణుగుతూనే ఉన్నాను గానీ, నా పట్టుచీర కుచ్చిళ్లు మాత్రం పదేపదే సర్దుకున్నాను.

వచ్చింది ఒక పొడుగాటి మేడం, మెడలో కెమెరా వేసుకున్న ఒకాయన, మాటలు మార్చి చెప్పే హైదరాబాదు పిల్ల. వాడకట్టంతా తిరిగారు, సోఫాలో కూర్చొని లడ్డూలు తిన్నారు. అప్పుడు మేడం ఏదో మెల్లగా అంది. మీ ఊరు సుఖంగా ఉందట, ఇంతకన్నా కష్టంలో ఉన్న ఊరిని ముందు చూడాలట అని హైదరాబాదు పిల్ల ఇబ్బంది పడుతూ చెప్పింది. కోడలి మొహం సున్నం గోడకన్నా తెల్లబడింది. పట్టుచీరలన్నీ ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

లేవబోతూ మేడం, లడ్డూ జిడ్డు వదిలించుకుందామని, తాగమని ముందుపెట్టిన చెంబెత్తి చేతుల మీద వంపుకోబోయింది. సంపు నీళ్లు! నా చేయి నన్నడగకుండానే వెళ్లి చెంబు లాక్కుంది.

"గవి తాగే నీళ్లు బిడ్డా. ఆగు, చేతులకు బోరు నీళ్లు తెస్త."

"అత్తమ్మా, ఇజ్జత్ తీస్తున్నవ్," అంది కోడలు పళ్ల సందులోంచి.

"ఇజ్జత్‌తోని దూప తీరుతదా?" అన్నాను.

మేడం ఏమీ నొచ్చుకోలేదు. ఒక్క చెంబు నీళ్లకు ఇంత గొడవ ఎందుకని అడిగించింది. నేను నోరు తెరిచేలోపు వంటింట్లోంచి వదినె గొంతు వినిపించింది.

"ఇగ నన్ను బయటికి రానిస్తరా లేదా? కూసొని కూసొని నడుం పట్టింది. గా లడ్డూలు నాకేమన్న ఉంచిండ్రా, అన్నీ తిన్నరా?"

గోడ పట్టుకొని, వంగిన కాళ్లతో ఆమె మెల్లగా వచ్చింది. మేడం సోఫాలోంచి లేచి, ఆమెను అందులో కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చుంది. పొద్దుగూకేదాకా లేవలేదు. గడ్డివాము వెనక బిందెలు కూడా చూపించాం, ఈసారి సిగ్గుపడకుండా.

తర్వాతి వానాకాలానికల్లా వాడకట్టులో సంపులు తయారయ్యాయి. నల్లాలు వచ్చాక కూడా ఆ స్నేహం పోలేదు, ఇంకొన్ని దేశాల వాళ్లు కలిశారు. వాళ్లకు మమ్మల్ని పరిచయం చేయడానికి జర్మనీ వాళ్లు అచ్చేసిన పుస్తకం అట్ట మీద ఆ కెమెరా ఆయన తీసిన ఫోటో ఉంది. పట్టుచీర కట్టిన ఒకావిడ కళ్లురుముతూ అతిథి చేతిలోంచి చెంబు లాక్కుంటోంది. కోడలు దాన్ని పటం కట్టించి గోడకు తగిలించింది. పొద్దున దాని ముందునుంచి నడుస్తుంటే పటంలోని ఆవిడ నన్నూ అలాగే ఉరిమి చూస్తుంది. అబ్బ, ఎంత గట్టి పట్టు అనుకుంటాను. అవే చేతులతో ఇప్పుడు చాయ్ కప్పు ఎత్తితే సగం సాసరులోకి ఒలుకుతుంది (పారబోయను లెండి, అదీ తాగేస్తాను).