సాయిలు ఊపిరి కొలత

పందొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో మాదాపూర్ బండల మీద డ్రిల్లు మిషన్ పట్టినవాళ్లలో సాయిలును మించిన ఛాతీ లేదని అందరూ ఒప్పుకున్నారు. సాయిలు కూడా ఒప్పుకున్నాడు. పాలమూరు నుంచి వచ్చి పదహారేళ్లుగా రాయి తొలుస్తున్నాడు. పొద్దున్నే మల్లన్నకు దండం పెట్టి, కాసేపు దగ్గి, పనికి పోయేవాడు. ఆ దగ్గు కూడా దండంలో భాగమే అనుకునేవాడు.

కొత్తగూడలో ఒక గది కిరాయికి తీసుకుని వీరలక్ష్మి అనే ఇంజనీరమ్మ ఊపిరి కొలిచే పెట్టె తయారుచేస్తోంది. ఛాతీకి బిళ్లలు అంటించి, మనిషికి తెలియనంత కరెంటు పంపుతుంది. లోపల గాలి నిండితే కరెంటుకు దారి కష్టమవుతుంది, కాగితం మీద గీత లేస్తుంది. ఎంత లేస్తే మంచి ఊపిరో పెట్టెకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఛాతీ బాగున్నవాడే డ్రిల్లు పట్టాలని గుత్తేదారు అన్నాడు. మేస్త్రీ ఎల్లయ్య తన ఏడుగురినీ ఆమె దగ్గరికి పరీక్షకు తోలుకొచ్చాడు.

“వీళ్లలో అందరికన్నా గట్టివారు ఎవరండీ?” అంది వీరలక్ష్మి.

“ఇగో, మా సాయిలు. దున్నపోతు.”

బిళ్లలు చల్లగా తగులుతాయని ఆమె వాటిని ముందు అరచేతుల మధ్య వెచ్చబెట్టింది. “ఊపిరి తీసుకోండి, సాయిలుగారూ.”

అంతకుముందు ఆయన్ను గారు అన్నవాళ్లు లేరు. తీయగలిగినంతా తీశాడు. ఆ గీతే కొలతయింది. మిగతా ఆరుగురి గీతలూ దానికి దగ్గర్లోనే వచ్చాయి. అందరికీ బాగుందని చీటీలిచ్చింది. ఎల్లయ్య సాయిలుకు చాయ్ తాగించాడు.

నెల తిరక్కుండా ఆమె మళ్లీ సాయిలుకు కబురు పెట్టింది. గదిలో గుడి పూజారి వెంకటరామయ్య ఉన్నాడు. సాయిలు వయసే, సాయిలు ఎత్తే. ఒళ్లు మాత్రం లేదు.

“రాతి దుమ్ము ఎరగనివారు కూడా ఒకరుండాలని ఆలస్యంగా తోచిందండీ.”

పూజారి గీత సాయిలు గీతకు రెట్టింపు లేచింది.

“మిషన్ ఖరాబైందా మేడమ్?”

“లేదండీ.”

పెద్దాసుపత్రి నుంచి అడిగి తెచ్చిన ఎంత గాలి ఊదగలరో చూపే గొట్టం ఇద్దరికీ ఇచ్చింది. గొట్టమూ అదే చెప్పింది. వెంకటరామయ్య నొచ్చుకున్నాడు. “నేను రోజూ మంత్రాలు చదువుతానుగా నాయనా, అందుకేనేమో” అన్నాడు.

“సాయిలుగారూ, మిమ్మల్ని కొలతగా పెట్టుకోవడం నా తప్పండీ” అంది వీరలక్ష్మి.

సాయిలు చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు. “గట్లైతే మావోళ్లు ఆరుగురి చీటీలు?”

“చెల్లవు. నేనే వచ్చి చెప్తాను.”

“మీరు చెప్తే ఇనరు మేడమ్. నన్ను జూసి నమ్మిండ్రు. నేనే చెప్పాలె.”

బండ దగ్గరికి పోయి, డ్రిల్లు మిషన్లకు గాలినిచ్చే కంప్రెషర్ ఆపేశాడు.

“ఏందిరా, ఎందుకు బంద్ జేసినవ్?” అని ఎల్లయ్య అరిచాడు.

“నా ఊపిరి మంచిది గాదంట. వీళ్లది నా అసొంటిదే. దిగుండ్రి.”

“మరి డ్రిల్లు పూజారి పడ్తడా?”

“పట్టడు. ఆయనకు గుడి ఉన్నది.”

ఆరుగురూ ఒక్కొక్కరే దిగారు. కింద నీళ్ల డ్రమ్ము దగ్గర సాయిలు చెంబు ముంచి పోస్తుంటే ముఖాలు కడుక్కున్నారు. దుమ్ము పోయాక ఎవరు ఎవరో తెలిసింది.