పెద్దత్త ఆనపబుర్ర

అంబలి ముంత పట్టుకుని నడిస్తే ఈ వయసులోనూ నా వెనక ఎవరో వస్తున్నట్టే ఉంటుంది. తిరిగి చూడను. ఎవరో నాకు తెలుసు.

పందొమ్మిది వందల ఇరవైలలో, మన్యంలో డుంబ్రిగుడకు పైన మా పన్నెండిళ్ల కొండ ఊళ్లో, వెదురు పూసిన ఏడు అది. వెదురు పూస్తే ఎలుకలు పుట్టుకొస్తాయి. పోడులో సామ వెన్నులన్నీ కొరికేశాయి, గాదెల్లోనూ దూరాయి. మిగిలిన గింజలు మేమే తినేశాం, విత్తనంతో సహా. ఊరంతటికీ సామ విత్తనం ఒక్క ఇంట్లోనే మిగిలింది. మా నాన్నకు అక్క, మా పెద్దత్త, ఊరి చివర పాకలో ఒంటరిగా ఉండేది. బూడిద కలిపిన సామలు ఆనపబుర్రలో పోసి, మూతి పేడతో మెత్తి, ఎలుకలకు అందకుండా దూలానికి వేలాడగట్టింది. చైత్రంలో ఇటికల పండగనాడు ఇంటింటి విత్తనం ఊరి దేవత ముందు కలిపి పంచుకోవడం మా ఆచారం. అందాకా బుర్ర విప్పకూడదు.

ఆ ఎండల్లో పెద్దత్త మంచం పట్టింది. మా అమ్మ రోజూ పొద్దున్నే గుప్పెడు చోడిపిండితో అంబలి కాచి, ముంత నా చేతికిచ్చి పంపేది. నాకు తొమ్మిదేళ్లు. నా ఆకలి మండిపోనూ, దారిలో గెడ్డవాగు దగ్గర రాయి మీద కూర్చుని సగం తాగేసి, గెడ్డనీళ్లతో ముంత నింపేసేదాన్ని. తప్పని తెలీక కాదు. ఆవిడ మంచానికి పైనే, దూలానికి, ఆనపబుర్రనిండా సామలున్నాయి, ఆకలేస్తే వండుకోదా ఏమిటి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అంత తెలివి నాది!

పెద్దత్త ఆ నీళ్లే తాగేది. పల్చగా ఉందని ఒక్కనాడూ మా అమ్మకు కబురు పంపలేదు. చేతులు పుల్లల్లా అయిపోయాయి. భయమేసి ఒకరోజు అడిగేశాను, ఆ బుర్ర విప్పి వండుకోవచ్చు కదా అని. ఆవిడ నా మూతికేసి చూసింది. అంబలి ఇంకా అంటుకునే ఉంది. కొంగుతో తుడిచింది.

"అది నాది కాదే గుంటా, ఊరిది. నానెలాగ తింతాను? నువ్వు తాగు, ఎదిగే గుంటవి."

మర్నాడు గెడ్డ దగ్గర ఆగకూడదనుకున్నాను. ఆగాను.

పండగ నాలుగు రోజులుందనగా పెద్దత్త పోయింది. వయసు మీదపడిందన్నారు అందరూ. రోజూ అంబలి పంపానే, ఎలా పోయిందీ అని మా అమ్మ ఏడ్చింది.

పండగనాడు పూజారి ఆ బుర్ర దేవత ముందు పెట్టి పేడ పెచ్చు పగలగొట్టాడు. సామలు మూతిదాకా ఉన్నాయి. ఇంటికో దోసెడు పంచాడు. మా వాటా మా అమ్మ నా దోసిట్లోనే పోయించింది.

ఆ ఏడు వాన కలిసొచ్చింది. పన్నెండిళ్ల పోడుల్లోనూ సామ పండింది. కొత్త సామలు వండుకుని కొత్తలు తినేనాడు ఊరంతా పెద్దత్తను తలుచుకుని కడుపునిండా తిన్నారు. నేనూ తిన్నాను. ఆవిడ కూడు రెండోసారి తింటున్నానని ఆ పంక్తిలో నాకొక్కదానికే తెలుసు.