దాత పంపిన నైలాన్ చీరలు

నాగవ్వకు బీడీలు చుట్టడం ఎవరూ నేర్పలేదు. నిజామాబాదులో తల్లి పక్కన చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్ననాడే అబ్బింది. మొగుడు పోయాక బోధన్ చేరి, మొగుడు వదిలేసిన చెల్లెలు సాయవ్వను కూడా తన దగ్గరే పెట్టుకుంది. కొన్నాళ్లకు బీడీల్లో నింపే జర్దా పొగాకు దుమ్ముకు సాయవ్వకు దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు ఎలాంటిదో నాగవ్వకు తెలుసు. తల్లిని తీసుకుపోయింది అదే. చెల్లెలినైనా ఆ చాట ముందు నుంచి లేపాలని ఆమె పంతం పట్టింది.

పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో ఊరి చివర రేకుల షెడ్డు లేచింది. హైదరాబాదు పెద్దమనిషి ఒకాయన తన తల్లి పేరు మీద ధర్మానికి కట్టించాడు. ఆడవాళ్లకు పిండి గిర్ని నడపడం నేర్పి పని ఇప్పిస్తారట. బోర్డు కొత్తది, గోడల రంగు కొత్తది, గిర్ని మాత్రం ఎక్కడో మూలపడిన పాతది. ఇంజనునూ గిర్నినీ కలిపే పొడవాటి తోలు పట్టాకు అడ్డంగా చిన్న జాలీ కూడా లేదు. ఊరికే ఇచ్చేవాళ్లను ఇదేమిటని అడిగే నోరు ఎవరికుంటుంది?

“పిండి దుమ్ము మంచిదేనే. తినేదే గద,” అని నాగవ్వ చెల్లెల్ని వెంటబెట్టుకుని పోయి పేర్లు రాయించింది.

నేర్పేవాడు రాజారాం అనే ముసలి ఫిట్టరు. మొదటివారంలోనే ఆయన భుజం మీది తువ్వాలను పట్టా లాక్కుంది. నూలుబట్ట కాబట్టి పర్రున చిరిగింది, మనిషి మిగిలాడు. “సూసిండ్రా? గోచి గట్టిగ పెట్టుండ్రి. కొంగు బొడ్లె చెక్కుండ్రి,” అన్నాడు. ఆ రోజు నుంచి గిర్ని దగ్గరికి పోయే ముందు నాగవ్వ తన కొంగునూ చెల్లెలి కొంగునూ రెండుసార్లు చూసుకునేది.

దాత చూడడానికి వస్తున్నాడనగానే షెడ్డు వ్యవహారాలు చూసే దేవిదాస్ హడావుడి పడ్డాడు. ఆయన ముందు గిర్ని నడిపి చూపినామెకే మొదటి నౌకరీ అన్నాడు. నాగవ్వ చెల్లెల్ని ముందుకు తోసింది.

ఆ పొద్దున నైలాన్ చీరలు వచ్చాయి. దాత పంపినవి, మెరిసిపోతున్నాయి. ఆడవాళ్లు ఎప్పటిలా చీరకు గోచి పెట్టుకోబోతుంటే దేవిదాస్ మండిపడ్డాడు. “పెద్దమనిషి ముందట గోచి పెట్టుకొని నిలవడ్తరా? కుచ్చిళ్లు పెట్టుండ్రి, కొంగు భుజం మీద ఏసుకోండ్రి.”

“అన్నా, మిషిన్ కాడ కొంగు...” అంది నాగవ్వ.

“ఫోటో దిగేదాకనే. గంత మాత్రానికే ఏమైతది?”

రాజారాం బయట ఇంజను దగ్గరున్నాడు. ఆయన్ను పిలుద్దామా అనుకుంది. మళ్లీ ఎక్కడ నౌకరీ చేజారుతుందోనని నోరు మూసుకుంది. మనసు కీడు శంకిస్తూనే ఉంది. అలా కట్టుకోవడం సాయవ్వకు చేతకాదు. నాగవ్వే చెల్లెలి గోచి విప్పింది, కుచ్చిళ్లు సర్దింది, కొంగు భుజం మీద వేసింది. అది నిలవదే! ఎన్నిసార్లు వేసినా జారుతోంది.

“నూనె రాసినట్టున్నది గదనే,” అని సాయవ్వ నవ్వింది.

దాత వచ్చాడు, దండలు పడ్డాయి. ఫోటో దిగారు. ఇక కొంగు చెక్కుకొమ్మని నాగవ్వ సైగ చేసింది. కానీ సాయవ్వ దాతనే చూస్తోంది. ఒక చేత్తో పిడి తిప్పి, గింజలు సర్దడానికి వంగింది. కొంగు జారి పట్టాలో పడింది, సాయవ్వ దాన్ని కుడిచేత్తో పట్టుకుంది. నూలుబట్ట అయితే చిరిగేది. నైలాన్ చిరగలేదు. కొంగుతో పాటు ఆ చేతిని కూడా పట్టా తనతో లాక్కుపోయింది. రాజారాం ఇంజను ఆపేసరికే అంతా అయిపోయింది.

నెల తిరిగాక దేవిదాస్ పండ్లూ, ఆ రోజు దిగిన ఫోటో ఒకటీ తెచ్చిచ్చి, ఎక్కువసేపు కూర్చోకుండానే వెళ్లిపోయాడు. నౌకరీ మాట ఎత్తలేదు. కుడిచేయి లేని సాయవ్వ ఇక బీడీలు కూడా చుట్టలేదు. ఇద్దరి పనీ నాగవ్వే చేస్తోంది. చెల్లెలి దగ్గు మాత్రం పోలేదు.

సాయవ్వ ఫోటోను ఎడమచేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది.

“అక్కా, కుచ్చిళ్లు ఎంత మంచిగ పెట్టినవే,” అంది.

నాగవ్వ చాట తీసుకుని బయటికి వెళ్లి, గోడకు మొహం పెట్టి కూర్చుంది.