ఇసుక మీద లాగిన డ్రమ్ము

మా ఆయనకు చేపల పిచ్చి ఈ దేశం వచ్చాకే పట్టింది. గుంటూరులో మా రెండిళ్ళలోనూ చేపలంటే బజారులో కొనుక్కోవడమే, గాలం పట్టినవాళ్ళు లేరు. ఆయన చదువుకోవడానికి ఆక్లండ్ వచ్చి, చదివిన చదువుకు ఉద్యోగం దొరక్క, చివరికి పామర్‌స్టన్ నార్త్ అవతల ఒక డెయిరీ ఫార్మ్‌లో పనికి కుదిరారు. నేను టౌన్లో ఆసుపత్రిలో నర్సుని. ఆపరేషన్లు అయినవాళ్ళుండే వార్డు నాది.

జూన్ నెలలో, అంటే ఇక్కడి చలికాలంలో, ఆవులన్నీ వట్టిపోతాయి. తెల్లారకముందే లేచి పాలు పితికే పని ఉండదు. మళ్ళీ ఈతలు మొదలయ్యేదాకా ఆ కొన్ని వారాలూ ఆయనకు సముద్రమే లోకం.

ఆ చలికాలం ఆయన ఫోన్లో కొత్త రకం వీడియోలు చూడడం మొదలుపెట్టారు. ఎక్కడో గడ్డకట్టిన సరస్సులు. మనుషులు స్నోమొబైల్ మీద వెళ్ళి, మంచుకు బెజ్జం పెట్టి, అందులోకి గాలం వదులుతారు. ఆయన కళ్ళు చేపల మీద లేవు, బండి వెనక కట్టిన స్లెడ్జ్ మీద ఉన్నాయి. గాలాల రాడ్లూ ఎర డబ్బాలూ కుర్చీలూ అన్నీ దానిలో పడేసి లాక్కుపోతున్నారు.

"చూడు, బండి మీద ఏమీ పెట్టుకోలేదు. హాయిగా వెనకాల లాగుతున్నాడు" అన్నారు.

"అది మంచు కదండీ."

"మంచు అయితే ఏంటి, ఇసుక అయితే ఏంటి? జారడమేగా కావాల్సింది."

ఫార్మ్‌లో ఖాళీగా పడున్న నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి తెచ్చి, నిలువునా సగానికి కోశారు. అంచులు గీసుకోకుండా పాత హోస్ పైపు చీల్చి తొడిగారు. ముందు రెండు బెజ్జాలు పెట్టి తాడు కట్టారు. ఫార్మ్ ఓనరు నాలుగు చక్రాల క్వాడ్ బైకు ఇస్తానన్నాడట. ఆ బండి మా ఆయన రోజూ నడిపేదే, ఆవుల వెనక తిరిగేది దాని మీదే. అందుకే నాకు భయమనిపించలేదు. పైగా ఆ రోజు నాకు డ్యూటీ లేదు. "నువ్వూ రా, ఒక్కసారి చూడు" అని బతిమాలితే బయల్దేరాను.

బీచ్‌కి అరగంట డ్రైవ్. ట్రైలర్ మీంచి క్వాడ్ దింపి, డ్రమ్ములో సామాను సర్దారు. మూడు పొడవాటి రాడ్లు, వాటిని ఇసుకలో నిలబెట్టడానికి గొట్టాలు, ఎర బకెట్, చేపల బిన్, కత్తి, ఫ్లాస్కు. రాడ్లకు రబ్బరు తాళ్ళు బిగించి, ఊపి చూసుకున్నారు. నేను వెనక కూర్చున్నాను. నల్లటి తడి ఇసుక మీద డ్రమ్ము నిజంగానే జారుతూ వచ్చింది. ఆయన మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసి, "చెప్పానా?" అని అరుస్తున్నారు. నాకూ నవ్వొచ్చింది. చాలా దూరం పోయాక ఒక చిన్న వాగు అడ్డం వచ్చింది. చీలమండ లోతు కూడా లేదు. తేలిగ్గా దాటి, అవతల గాలాలు వేశాం.

రెండు కహవాయ్ చేపలు పడ్డాయి, రెండూ మూరెడేసి ఉన్నాయి. సముద్రానికి పోటు మొదలైందని నేనే ముందు గమనించాను. "ఇంకొక్కసారి" అన్నారు. ఆ ఒక్కసారి నాలుగైదు సార్లయింది. అప్పుడైనా నేను గట్టిగా అనాల్సింది. చలికి ముడుచుకుని టీ తాగుతూ ఊరుకున్నాను.

తిరిగి వాగు దగ్గరికి వచ్చేసరికి అది పొద్దున చూసిన వాగు కాదు. సముద్రం లోపలికి ఎగదన్నుతోంది. గట్టు కోసుకుపోయి మెట్టులా నిలబడింది.

"నువ్వు దిగి నడిచి రా. బరువు తగ్గుద్ది" అన్నారు.

దిగాను. ఆయన ఏటవాలుగా నీళ్ళలోకి దించారు. బండి సగం దాటింది. అప్పుడొక అల వచ్చి డ్రమ్మును పక్కకు తిప్పింది. అది నీళ్ళతో నిండిపోయి, తాడు బిగుసుకుని, బండి వెనక భాగాన్ని కిందికి లాగింది. ముందు చక్రాలు గట్టెక్కుతూ పైకి లేచాయి. ఆయన యాక్సిలరేటర్ నొక్కారు. బండి మెల్లగా, చాలా మెల్లగా, ఎడమ పక్కకు ఒరిగి పడిపోయింది. ఆయన కాలు దాని కింద ఉండిపోయింది.

నేను పరిగెత్తాను. నీళ్ళు మోకాళ్ళదాకా ఉన్నాయి. ఆయన మోచేతి మీద లేచి, ఆశ్చర్యపోయినట్టు చూస్తున్నారు.

"ఏం కాలేదు. ముందు రాడ్లు చూడు, కొట్టుకుపోతాయ్."

"రాడ్లేంటండీ! కాలు కదులుతుందా?"

"కదలట్లేదు."

బండి పట్టుకుని లేపబోయాను. అది చలించనైనా లేదు. మళ్ళీ లేపాను. వార్డులో ఎంత బరువున్న పేషెంటునైనా ఇద్దరం కలిసి ఒక్క పట్టున పక్కకు తిప్పుతాం. ఇక్కడ రెండో మనిషి లేడు. ఇసుకలో పాతే గొట్టం ఒకటి అందుకుని, బండి కింద దూర్చి ఎత్తితే అది వంగిపోయింది. చేతులతో కాలి చుట్టూ తవ్వాను. తీసిన ఇసుక తీసినట్టే మళ్ళీ వచ్చి నిండుతోంది. ఎర కోసే కత్తితో తాడు కోసేశాను. డ్రమ్ము గిరగిరా తిరుగుతూ వెళ్ళిపోయింది, అందులో రాడ్లూ, చేపలూ. దాంతో బండి తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

అల వచ్చినప్పుడల్లా నీళ్ళు ఆయన నడుము దాటి, కాస్త తగ్గి, మళ్ళీ వస్తున్నాయి. ఫోన్లో సిగ్నల్ లేదు. ఇసుక దిబ్బ పైకెక్కితే ఉంటుందేమో.

"నేను పైకెళ్ళి ఫోన్ చేసొస్తా."

"వద్దు. ఇక్కడే ఉండు."

"ఇక్కడుండి ఏం చేయనండీ?"

"వెళ్ళకు." ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఏదీ అలా అడగలేదు.

వెళ్ళాను. దిబ్బ మీద అడుగు వేస్తే అడుగు కిందికి జారుతోంది. వెనక్కి తిరిగితే ఎక్కలేనని తిరగలేదు. పైన రెండు గీతల సిగ్నల్ వచ్చింది. ఎమర్జెన్సీ నంబరుకు చేస్తే, ఎత్తినావిడ చాలా నెమ్మదిగా అడిగింది: "ఎక్కడున్నారు?" నాకు తెలియదు. ఏ వాగు? తెలియదు. బీచ్ ఎంట్రీ నుంచి ఉత్తరానికా దక్షిణానికా? సముద్రం ఏ పక్కనుందో చూసుకుని కూడా చెప్పలేకపోయాను. నర్సునని చెప్పాను, అదేదో ఉపయోగపడుతుందన్నట్టు. ఆవిడే నా ఫోన్ ఎక్కడుందో చూసి, మనుషుల్ని పంపిస్తున్నామంది. ఎంతసేపట్లో అంటే, వీలైనంత త్వరగా అంది. ఆ మాట నేనూ పేషెంట్లకు చెబుతాను.

కిందికొచ్చి ఆయన వెనక నీళ్ళలో కూర్చుని, తల నా గుండెకు ఆనించుకున్నాను. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. పెదాలు నీలంగా మారుతున్నాయి. చిన్నప్పటి నుంచీ నోటికొచ్చిన ప్రార్థన ఒకటుంది, నిద్రలో కూడా చెప్పగలను. మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. దానికి బదులు చలికి ఒళ్ళు ఏ వరసలో మొద్దుబారుతుందో, నలిగిన కాలు ఎక్కువసేపు అలాగే ఉంటే ఏమవుతుందో, చదివిందంతా వరసగా గుర్తొచ్చింది. అంతా తెలుసు. చేతుల్లో మాత్రం ఏమీ లేదు.

"పాపకు చెప్పకు" అన్నారు. అప్పటికి మా పాప స్కూల్లో ఉంది.

"మీరే చెబుదురుగాని."

ముందొచ్చింది అంబులెన్సు కాదు, వెనక తొట్టి ఉన్న ఒక పాత యూట్ బండి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్రలు పొయ్యిలోకి ఏరుకోవడానికి వచ్చిన ముసలి దంపతులు. ఆవిడ దిగుతూనే నీళ్ళలోకి వచ్చేసింది. "నువ్వు తల పట్టుకో, డియర్, అంతే చెయ్యి" అంది. భర్త యూట్‌ను వెనక్కి తెచ్చి, క్వాడ్‌కు తాడు కట్టి లాగాడు. మొదటిసారి తాడు జారిపోయింది. రెండోసారి బండి జానెడు మేర లేచింది. ఆవిడా నేనూ చంకల కింద చేతులేసి లాగాం. మా ఆయన పెట్టిన కేక అలల మోతను కూడా దాటింది. ఆ కేక వినగానే నాకు ఊపిరాడింది.

మోకాలి కింద ఎముక రెండుచోట్ల విరిగింది. అంబులెన్సు వాళ్ళు నేను పనిచేసే ఆసుపత్రికే తీసుకొచ్చారు. నాతో రోజూ డ్యూటీ చేసే అమ్మాయి తెర లాగి, "నువ్వు బయట కూర్చో, ప్లీజ్. ఇవాళ నువ్వు నర్సువి కాదు" అంది. తడి బట్టల మీద దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చున్నాను. ఆ తెర అవతల ఏ పని తర్వాత ఏ పని జరుగుతుందో నాకు తెలుసు, ఒక్కటీ చేయనివ్వరు.

క్వాడ్‌ను మర్నాడు ట్రాక్టరుతో బయటికి లాగారు. ఓనరు ఆసుపత్రికి వచ్చి, బండి గురించి ఒక్క మాటా ఎత్తకుండా, దూడలు పుట్టే సమయానికి వేరే మనిషిని చూసుకుంటానని చెప్పి వెళ్ళాడు. వసంతం అంతా మా ఆయన కిటికీ పక్కన కాలు చాచుకుని కూర్చున్నారు. ఎముక అతుక్కుంది. మళ్ళీ ఫార్మ్‌కు వెళ్తున్నారు. చలిగాలి వీస్తే కాస్త కుంటుతారు. సముద్రం వైపు నేను రమ్మన్నా రారు.

మొన్నొక సాయంత్రం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, మామూలు మాటలాగే అన్నారు, "ఆ రోజు నువ్వు దిబ్బెక్కుతుంటే చూస్తా ఉన్నా. ఒక్కసారన్నా వెనక్కి చూస్తావనుకున్నా."

ఎందుకు చూడలేదో చెప్పడానికి నోరు తెరిచాను. పక్క గదిలోంచి పాప ఇంగ్లీషులో ఆకలేస్తోందని అరిచింది. ఆయన తరిగిన ముక్కలు మూకుడులో వేశారు. నేను స్టవ్ వెలిగించాను.